ఓటొచ్చింది, లెక్క రాలేదు: ఫిఫా కథ



ఆటల పాలకమండళ్ల మీద రాస్తున్న ఈ వరుసలో ఇవాళ ఫిఫా గురించి. ఈ కథను చాలామంది 2015 మే 27 నుంచి మొదలుపెడతారు. ఆ తెల్లవారుజామున స్విస్ పోలీసులు జూరిక్‌లో ఒక ఖరీదైన హోటల్‌కి వెళ్లి ఏడుగురు ఫుట్‌బాల్ అధికారులను పట్టుకున్నారు. ఫొటోలు పడకుండా హోటల్ సిబ్బంది తెల్ల దుప్పట్లు అడ్డంపెట్టారు. పెళ్లిలో అడ్డుతెర పట్టినట్టు. ఆ దుప్పటి ఫొటోనే ప్రపంచమంతా తిరిగింది. 24 ఏళ్లలో 15 కోట్ల డాలర్లకు పైగా ముడుపులు చేతులు మారాయని అమెరికా న్యాయశాఖ చెప్పింది.

ఆ అరెస్టుల తర్వాత ఒక మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. పెద్దమనుషుల పత్రికల్లో వచ్చింది, మన దగ్గర ఇంగ్లీషు టీవీ చర్చల్లోనూ వినబడింది. "ఫిఫాలో జర్మనీకీ ఒకే ఓటు, నాలుగు కొబ్బరిచెట్లున్న దీవికీ ఒకే ఓటు. ఇక అమ్ముకోక ఏం చేస్తారు? ఓటు హక్కును సవరించాలి." ఇది మనకు కొత్త వాదన కాదు. చదువురాని వాళ్లకు ఓటిస్తే అమ్ముకుంటారన్న మాటకు బాబాసాహెబ్ 1928లోనే సైమన్ కమిషన్ ముందు వయోజన ఓటు హక్కు అడిగి జవాబు చెప్పాడు. కాబట్టి ఆ వాదన విన్నప్పుడల్లా నాకు ఒక సందేహం వస్తుంది. ముందు ఆ ఓటు ఎలా వచ్చిందో చూద్దాం. తర్వాత దాన్ని ఎవడు కొన్నాడో, ఎవడి ఖజానా నుంచి కొన్నాడో చూద్దాం.

అందుకే నేను 1957 నుంచి మొదలుపెడతాను. ఊరు ఖార్టూమ్, సూడాన్ రాజధాని. ఆ ఫిబ్రవరిలో ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య పుట్టింది. ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా దానికి మూలపురుషులు. మొదటి ఆఫ్రికా కప్పు అక్కడే ఆడాలి. దక్షిణాఫ్రికా వాళ్లు, అంటే అక్కడి తెల్లవాళ్ల సంఘం, ఒక షరతు పెట్టారు. మొత్తం తెల్లవాళ్ల జట్టు పంపుతాం, లేదా మొత్తం నల్లవాళ్ల జట్టు పంపుతాం, కలిపి మాత్రం పంపం అన్నారు. మిగిలిన మూడు దేశాలు అయితే రావొద్దన్నాయి. అప్పటికి సూడాన్‌కి స్వాతంత్ర్యం వచ్చి ఏడాదే. ఆ కప్పు మూడు దేశాలతోనే జరిగింది.

మరి ఫిఫా ఏం చేసింది? 1952లోనే ఆ తెల్లసంఘాన్ని సభ్యుడిగా చేర్చుకుంది. ఆఫ్రికా దేశాల ఒత్తిడితో 1961లో సస్పెండ్ చేసింది. అదే ఏడాది ఇంగ్లండ్‌కి చెందిన స్టాన్లీ రౌస్ అధ్యక్షుడయ్యాడు. ఒకప్పుడు స్కూలు టీచరు, పేరున్న రిఫరీ. ఆట నియమాలను సరళంగా తిరగరాసిన మనిషి. లంచం తిన్నాడని ఆయన మీద ఎవరూ అనలేదు. ఆయనే 1963లో దక్షిణాఫ్రికా వెళ్లి చూసొచ్చి సస్పెన్షన్ ఎత్తేయించాడు. అక్కడ వివక్ష లేకుండా అందరినీ చేర్చుకున్న మరో సంఘం ఉంది, సభ్యులు కూడా ఎక్కువ. దాన్ని మాత్రం రాజకీయాల కోసం ఆటను వాడుకునేవాళ్లుగా లెక్కగట్టి పక్కన పెట్టాడు. తెల్లసంఘం ఇచ్చిన ప్రతిపాదన ఏమిటో తెలుసా? 1966 వరల్డ్ కప్పుకి తెల్ల జట్టు, 1970కి నల్ల జట్టు. వంతులవారీగా! 1964లో టోక్యో సమావేశంలో ఆఫ్రికా, ఆసియా దేశాలు ఓట్లేసి మళ్లీ సస్పెండ్ చేయించాయి. 1976లో, సొవెటో పిల్లల మీద కాల్పులు జరిగిన ఏడాదిలో, పూర్తిగా బహిష్కరించాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక దేశానికి ఒక ఓటు అన్న నియమమే లేకపోతే తెల్లసంఘం హాయిగా వరల్డ్ కప్ ఆడుకునేది. నిజాయితీపరుడైన రౌస్ దాన్ని ఆపలేదు, ఓటు ఆపింది.

1966 వరల్డ్ కప్ లెక్క కూడా చూడండి. మొత్తం 16 జట్లు. యూరప్‌కి 10, దక్షిణ అమెరికాకి 4, ఉత్తర-మధ్య అమెరికాలకు 1. మిగిలిన ఒక్క సీటు ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మొత్తానికి కలిపి. ఆఫ్రికాలో గెలిచిన జట్టు మళ్లీ ఆసియా విజేతతో ఆడి గెలవాలి. ఎన్‌క్రుమా నడుపుతున్న ఘనా ముందుండి నడిపించగా ఆఫ్రికా దేశాలన్నీ టోర్నీని బహిష్కరించాయి. ఫిఫా వాటికి జరిమానా వేసింది. కానీ 1970 నాటికి ఆఫ్రికాకి నేరుగా ఒక సీటు వచ్చింది, మొరాకో వెళ్లింది. కొట్లాడి తెచ్చుకున్న సీటు అది.

ఇప్పుడు 1974 జూన్, ఫ్రాంక్‌ఫర్ట్. అధ్యక్ష ఎన్నిక. రౌస్ మీద బ్రెజిల్ నుంచి జవావ్ హావెలాంజ్ నిలబడ్డాడు. ఒలింపిక్స్‌లో ఈత కొట్టినవాడు, వ్యాపారి, సైనిక నియంతృత్వం నడుస్తున్న దేశంలో ఆటల సంస్థకు అధిపతి. పెలే పేరుతో ఎనభైకి పైగా దేశాలు తిరిగాడు.  వాళ్ల ఫుట్‌బాల్ ఆఫీసు ఒక గది అయితే ఆ గదికి వెళ్లి కూర్చున్నాడు. దక్షిణాఫ్రికాను లోపలికి రానివ్వనన్నాడు. వరల్డ్ కప్‌ను 24 జట్లకు పెంచుతానన్నాడు. కుర్రాళ్లకు వేరే టోర్నీ, పేద దేశాలకు కోచ్‌లు, శిక్షణ. రెండో రౌండ్‌లో 68-52 తేడాతో గెలిచాడు. ఫిఫాకు యూరప్ బయటి నుంచి వచ్చిన మొదటి అధ్యక్షుడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. 1977లో కుర్రాళ్ల టోర్నీ ట్యునీషియాలో జరిగింది. 1982లో 24 జట్లు ఆడాయి. 1998 నాటికి ఆఫ్రికాకి ఐదు సీట్లు. హావెలాంజ్‌ను ఉత్త దొంగ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ లెక్క చెప్పరు. ఆఫ్రికా దేశాలు ఆయనకు ఓటేసింది అమ్ముడుపోయి కాదు. వాళ్ల మాట విన్నవాడికి వేశారు.

కానీ ఈ హామీలకు డబ్బు కావాలి. ఫిఫా దగ్గర అప్పటికి పెద్దగా లేదు. డబ్బు కోకాకోలా నుంచి, అడిడాస్ నుంచి వచ్చింది. ఇక్కడ అడుగుపెట్టినవాడు హోర్స్ట్ డాస్లర్, అడిడాస్ యజమాని కొడుకు. బూట్లు అమ్ముకునే మనిషికి ఒక విషయం అందరికంటే ముందు అర్థమైంది. ఆటగాడికి బూటు తొడిగితే ఒక జత అమ్ముడుపోతుంది, సమాఖ్య అధ్యక్షుణ్ని పట్టుకుంటే ఆట మొత్తం చేతికొస్తుంది. 1982లో ఐఎస్ఎల్ అనే కంపెనీ పెట్టాడు. అది ఫిఫా దగ్గర, ఒలింపిక్ కమిటీ దగ్గర ప్రకటనల హక్కులు గంపగుత్తగా కొని పెద్ద కంపెనీలకు ముక్కలుగా అమ్మేది. తర్వాత టీవీ హక్కుల్లోకీ దిగింది.

విద్యార్థులు ఈ యంత్రాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఇసుక టెండరుకీ దీనికీ తేడా లేదు. వంద రూపాయల హక్కును సమాఖ్య అరవైకి అమ్ముతుంది. కొన్నవాడు వందకు అమ్ముకుంటాడు. మిగిలిన నలభైలో కొంత, సంతకం పెట్టిన అధికారి జేబులోకి వెనక్కి వస్తుంది. చూసేవాడికి ఎక్కడా దొంగతనం కనబడదు. ఫిఫా ఖాతాలో అరవై పడింది, ఫిఫా సంతోషంగా ఉంది. పోయిన నలభై ఎవరిది? ఘనాలో, హైతీలో, మన దగ్గర మట్టి గ్రౌండులో ఆడే పిల్లలది. వాళ్లకు ఆ నలభై ఉందని కూడా తెలియదు.

2001లో ఐఎస్ఎల్ దివాలా తీసింది. దివాలా తీస్తే పుస్తకాలు తెరవాలి కదా, అప్పుడు బయటపడింది. 1989 నుంచి 2001 వరకు ఆటల అధికారులకు 13.8 కోట్ల స్విస్ ఫ్రాంకులు పంచారని స్విట్జర్లాండ్‌లో జుగ్ కోర్టు విచారణలో తేలింది. 2012లో కోర్టు పత్రాలు బయటికొచ్చాక పేర్లూ తెలిశాయి. హావెలాంజ్‌కి 1997లో 15 లక్షల ఫ్రాంకులు. ఒకప్పుడు ఆయన అల్లుడు, బ్రెజిల్ ఫుట్‌బాల్ అధిపతి రికార్డో టెషేరాకి 1992-97 మధ్య 1.27 కోట్ల ఫ్రాంకులు. హావెలాంజ్ 15 లక్షలు పొరపాటున నేరుగా ఫిఫా ఖాతాలోనే పడ్డాయి! అప్పుడు ప్రధాన కార్యదర్శి సెప్ బ్లాటర్. డబ్బు ఎక్కడికి చేరాలో అక్కడికి పంపేశారు. పోలీసుకి చెప్పలేదు. తర్వాత ఫిఫా సొంత నైతిక విభాగం దీన్ని పరిశీలించి, బ్లాటర్ తీరు కాస్త మొరటుగా ఉందిగానీ నేరం కాదని రాసింది.

నేరం ఎందుకు కాదు? ఎందుకంటే ప్రైవేటు సంస్థ అధికారికి లంచమివ్వడం ఆ రోజుల్లో స్విస్ చట్టంలో నేరమే కాదు. వందల కోట్లు తిప్పే ఫిఫా అక్కడి చట్టం కింద ఒక సంఘం. మన ఊళ్లో యువజన సంఘం రిజిస్టర్ చేసుకున్నట్టే. ప్రజలు ఎన్నుకున్నది కాదు, వాటాదార్లున్న కంపెనీ కాదు, కాబట్టి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

ఆ కోర్టు పత్రాల్లో నన్ను అన్నింటికంటే కదిలించింది అంకెలు కావు. కొంత డబ్బు తిరిగి కట్టించి కేసు మూసే దశలో ఫిఫా తరఫు లాయర్లు ఒక వాదన పెట్టారు. దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో జనాభాలో ఎక్కువమందికి లంచం మామూలు జీతంలో భాగమే అన్నది దాని సారాంశం. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. డబ్బు ఇచ్చిన కంపెనీ స్విట్జర్లాండ్‌ది. దాన్ని పెట్టినవాడు జర్మన్. డబ్బు దాచుకున్నది యూరప్ బ్యాంకుల్లో. అనుమతించిన చట్టం స్విస్ పార్లమెంటుది. తిన్నవాడు రియోలో బంగళాలో ఉండే కోటీశ్వరుడు. నింద మాత్రం లాగోస్‌లో రోజుకూలీ మీద పడింది. ఇలా పైవాడి పాపం కిందివాడి సంస్కృతి కింద రాయడం మనకు బాగా తెలిసిన పనే.

అలాగని మనవాళ్లలాంటి వాళ్లలో దళారీలు లేరా? ఉన్నారు. వాళ్ల గురించి చెప్పకపోతే నేను సగం చరిత్రే చెప్పినట్టు. అందులో పెద్ద పేరు జాక్ వార్నర్, ట్రినిడాడ్. పేద నల్ల కుటుంబం నుంచి వచ్చి చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారు. బానిసత్వం గురించి, వలస పాలన గురించి ఆయన మాట్లాడితే జనం వినేవారు. 1990 నుంచి 2011 వరకు ఉత్తర-మధ్య అమెరికా, కరీబియన్ సమాఖ్యకు అధ్యక్షుడు, ఫిఫా ఉపాధ్యక్షుడు. 30 దాకా ఓట్లు ఆయన వేలు చూపినవైపు పడేవి. ఎవరైనా లెక్కడిగితే, నల్లవాణ్ని కాబట్టే అడుగుతున్నారనేవాడు. ఆ మాట కొన్నిసార్లు నిజం కూడా. అందుకే అది అంత బాగా పనిచేసింది.

ట్రినిడాడ్‌లో మకోయా అనేచోట ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం కట్టారు. పేరు జవావ్ హావెలాంజ్ కేంద్రం. ఫుట్‌బాల్ డబ్బు దాదాపు 2.6 కోట్ల డాలర్లు పోసి కట్టింది. 2013లో బార్బడోస్ మాజీ ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ సిమన్స్ కమిటీ విచారిస్తే, ఆ భూమి సమాఖ్యది కాదు, వార్నర్ కుటుంబ కంపెనీలదని తేలింది. వరల్డ్ కప్ టీవీ హక్కులది ఇంకో కథ. 2010, 2014 టోర్నీల కరీబియన్ హక్కులు 6 లక్షల డాలర్లకు ఆయన కరీబియన్ యూనియన్‌కి రాసిచ్చిన కాగితం మీద బ్లాటర్ సంతకం ఉంది. అవే హక్కులు వార్నర్ కంపెనీ నుంచి కోటిన్నర డాలర్లకు పైగా ధరకు అమ్ముడుపోయాయని స్విస్ టీవీ 2015లో బయటపెట్టింది. ఓట్ల మూటకు ధర అలా ముట్టేది.

2006లో ట్రినిడాడ్ జట్టు వరల్డ్ కప్‌కి వెళ్లింది. 13 లక్షల జనాభా, అప్పటిదాకా అక్కడికి చేరిన దేశాల్లో అదే చిన్నది. స్వీడన్‌తో డ్రా చేసుకున్నారు. దేశమంతా ఊరేగింది. తర్వాత బోనస్ అడిగితే తలకు వెయ్యి డాలర్లు కూడా రాని లెక్క చూపించారు. వచ్చిన ఆదాయం చూపిన దానికి ఎన్నో రెట్లని ప్రభుత్వ లెక్కల్లోనే తేలింది. ఆటగాళ్లు కేసు వేస్తే వాళ్లను జాతీయ జట్టు నుంచి పక్కనపెట్టారు. ఎవరి పేరు చెప్పి ఆయన పెద్ద సభల్లో కూర్చున్నాడో, వాళ్లే ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఇంకో దృశ్యం ఉంది, రాయడానికే కష్టంగా ఉంటుంది. 2004 వసంతం. 2010 వరల్డ్ కప్ కోసం దక్షిణాఫ్రికా పోటీలో ఉంది. ఖార్టూమ్‌లో గెంటివేతకు గురైన ఆ దేశమే, ఇప్పుడు విముక్తమై వచ్చింది. నెల్సన్ మండేలాకి 85 ఏళ్లు, దూరప్రయాణాలు వద్దని డాక్టర్లు చెప్పారు. అయినా ట్రినిడాడ్ దాకా విమానంలో తీసుకెళ్లారు. ఎందుకంటే వార్నర్ దగ్గర ఓట్లున్నాయి. 27 ఏళ్లు జైల్లో ఉన్న మనిషి ఒక ఓట్ల వ్యాపారి ముంగిట కూర్చోవాల్సి వచ్చింది. మే నెలలో 14-10తో దక్షిణాఫ్రికా గెలిచింది. 2008లో ఫిఫా నుంచి కోటి డాలర్లు వార్నర్ చేతికింది ఖాతాలకు వెళ్లాయి. అది కరీబియన్‌లో ఉన్న ఆఫ్రికా సంతతి కోసం ఇచ్చిన నిధి అని దక్షిణాఫ్రికా ఇప్పటికీ చెబుతుంది. వార్నర్ పక్కన పనిచేసిన అమెరికన్ చక్ బ్లేజర్ మాత్రం, ఆ ఓటు విషయంలో తామంతా లంచానికి ఒప్పుకున్నామని 2013లో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. వార్నర్ అన్నీ ఖండిస్తాడు. 2015లో ఫిఫా ఆయన్ను జీవితకాలం నిషేధించింది, అమెరికా కోర్టు మెట్లు మాత్రం ఆయన ఇంకా ఎక్కలేదు.

ఇక కవర్ల సంగతి. 2011 మే, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒక హోటల్. బ్లాటర్ మీద పోటీ చేస్తున్న ఖతర్ అభ్యర్థి మొహమ్మద్ బిన్ హమ్మామ్ కరీబియన్ ప్రతినిధులతో మాట్లాడాడు. తర్వాత ఒక్కొక్కరినీ గదికి పిలిచి కవరు ఇచ్చారు. ఒక్కో కవర్లో 40 వేల డాలర్లు, నోట్ల కట్టలు. బహామాస్ ఉపాధ్యక్షుడు ఫ్రెడ్ లున్ కవరు తెరిచి చూశాడు, ఫోన్‌తో ఫొటో తీశాడు, తన అధ్యక్షుడికి చెప్పాడు, డబ్బు తిరిగిచ్చేశాడు. మర్నాడు వార్నర్ అదే సభలో, అంత భక్తి ఉన్నవాళ్లు చర్చి పెట్టుకోండి అన్న అర్థంలో వెటకారం చేశాడు. ఆ మాటల వీడియో తర్వాత బయటికొచ్చింది.

ఫిఫా మొత్తం గుట్టు కదిలింది ఆ ఫొటోతోనే. నాలుగు కొబ్బరిచెట్ల దీవి అని ఎవరిని వెక్కిరించారో, ఆ దీవివాడే కవరు వెనక్కిచ్చాడు. జూరిక్ ఆఫీసులో పాతికేళ్లుగా జీతం తీసుకున్న ఒక్క పెద్దమనిషీ ఆ పని చేయలేదు.

ఓటు హక్కును తప్పుపట్టేవాళ్లు దాచే ఇంకో సంగతుంది. 2010 డిసెంబర్ 2న రష్యాకి, ఖతర్‌కి వరల్డ్ కప్‌లు ఇచ్చింది సభ్యదేశాలన్నీ కాదు. 24 మంది కార్యవర్గం. అందులో ఇద్దరు అప్పటికే ఓటు అమ్మకం ఆరోపణల్లో సస్పెండయ్యారు, మిగిలింది 22 మంది. రహస్య ఓటు. కార్యవర్గంలో మూడోవంతుకు పైగా యూరప్‌వాళ్లే. ఫిఫా సొంత పరిశీలనా నివేదికే ఖతర్ విషయంలో ప్రమాదాలు ఎక్కువని రాసినా, చివరి రౌండ్‌లో అమెరికా మీద 14-8తో ఖతర్ గెలిచింది. రష్యా, ఖతర్ రెంటికీ పడిన ఓట్లలో కొన్ని కొన్నవేనని 2020లో అమెరికా న్యాయశాఖ అభియోగం మోపింది. రెండు దేశాలూ కాదన్నాయి. చీకటి గదిలో ఉన్నవాళ్లు తక్కువైన కొద్దీ కొనడం తేలిక. బహామాస్‌కి ఆ రోజు ఓటే లేదు.

ఆ 22 ఓట్ల బరువు ఎవరి మీద పడిందో మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు తెలుసు. ఖతర్‌లో ఎనిమిది స్టేడియాలు, వాటికోసం మెట్రో, రోడ్లు, హోటళ్లు. పాస్‌పోర్టు యజమాని దగ్గర, వెళ్లిపోవాలంటే యజమాని అనుమతి. ఆ కఫాలా పద్ధతిని ఖతర్ 2020 నాటికి చాలావరకు సడలించింది, అప్పటికి స్టేడియాలు చాలావరకు లేచాయి. అనుమతి దొరికిన దగ్గర్నుంచి పదేళ్లలో దక్షిణాసియా కార్మికులు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని 2021లో గార్డియన్ పత్రిక లెక్క తేల్చింది, అందులో 2,711 మంది భారతీయులు. ఇవి అన్ని రకాల పనుల్లో, అన్ని కారణాల చావులు. స్టేడియాల్లోనే అన్నీ జరిగినట్టు వాట్సాప్‌లో తిప్పకండి, అలా తిప్పితే వాళ్లకే తప్పించుకునే దారి దొరుకుతుంది. వరల్డ్ కప్ పనుల్లో 400 నుంచి 500 మంది పోయి ఉంటారని నిర్వహణ సంస్థ అధిపతి 2022 నవంబర్‌లో టీవీలో తనే అన్నాడు. చాలా చావు కాగితాల మీద సహజ మరణం అనో, గుండె ఆగిందనో ఉంటుంది. పాతికేళ్ల మనిషికి ఎండలో పనిచేస్తుంటే గుండె ఎందుకు ఆగిందో ఆ కాగితం చెప్పదు. సహజ మరణం అని రాస్తే కంపెనీ పరిహారం కట్టక్కర్లేదు. ఆటగాళ్ల బహుమతులకు ఇచ్చే 44 కోట్ల డాలర్లకు సమానంగా కార్మికులకు నిధి పెట్టండని ఆమ్నెస్టీ అడిగింది. ఆ నాలుగేళ్లలో ఫిఫా ఆదాయం 750 కోట్ల డాలర్లు. 2024లో 5 కోట్లతో ఒక నిధి ప్రకటించింది. అది అంతర్జాతీయ సంస్థల కార్యక్రమాలకు పోయింది. చనిపోయినవాళ్ల ఇళ్లకు కాదు.

2015 తర్వాత బ్లాటర్ పోయాడు, 2016లో ఇన్ఫాంటినో వచ్చాడు. వరల్డ్ కప్ ఎక్కడన్నది ఇకమీదట 211 సభ్యదేశాలూ ఓటేసి తేలుస్తాయన్నారు. 2018లో నిజంగానే వేశాయి, ఎవరు ఎటు వేశారో బోర్డు మీద కనబడింది. నేను దాన్ని మంచి మార్పనే అంటాను. కానీ 2034కి వచ్చేసరికి పద్ధతి చూడండి. 2023 అక్టోబర్ 4న ఫిఫా ప్రకటన ఇచ్చింది. ఆసియా, ఓషియానియా దేశాలు మాత్రమే దరఖాస్తు చేసుకోవాలి, ఆసక్తి తెలిపే గడువు అక్టోబర్ 31. వరల్డ్ కప్ లాంటి దానికి నాలుగు వారాలు కూడా లేదు! సౌదీ అరేబియా ఆ రోజే సిద్ధం. ఆస్ట్రేలియా చివరి రోజు తప్పుకుంది. మిగిలింది ఒక్క పేరు. 2024 డిసెంబర్ 11న వీడియోలో సమావేశం పెట్టి, 2030, 2034 రెంటినీ ఒకే తీర్మానంలో కలిపేశారు. ఓట్లు లెక్కపెట్టలేదు. తెర మీద 200కి పైగా చిన్న చిన్న గళ్లలో ప్రతినిధులు చప్పట్లు కొట్టారు, అయిపోయింది. ఈ పద్ధతి సరికాదని నార్వే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పింది. కావాల్సినవి 15 స్టేడియాలు, సగానికి పైగా ఇంకా కట్టాలి.